రెట్టింపు డీఎన్‌ఏ ఉన్న అడవి వరి

2012. రాయ్‌పూర్‌లోని ఒక వరి పరిశోధనశాలలో క్రోమోజోములు చూడటం నా ఉద్యోగం. నాకు ఓపిక తక్కువని అందరికీ తెలుసు. అయినా ఊళ్లోనే గుఢియారీ పేటలో స్థిరపడ్డ తెలుగు రైల్వే కుటుంబం పిల్ల హేమ పీహెచ్‌డీకి నా దగ్గరే చేరింది.

తను పనిచేస్తున్నది ఒక అడవి వరి మీద. దాని ఆకును ఫ్లో సైటోమీటర్‌లో, అంటే కణాల్లో డీఎన్‌ఏ ఎంతుందో కొలిచే యంత్రంలో పెడితే, మామూలు వరికి రెట్టింపు చూపించింది. మా విభాగాధిపతి ముఖం చిట్లించారు.

"యే తో గడ్‌బడ్ హై. క్రోమోజోములు రెట్టింపున్న వేరే రకం కలిసిపోయింది. మొక్కలు పీకించేయండి."

అదే నిజమైతే హేమ థీసిస్ బుట్టదాఖలే.

"సచ్చీ మేడమ్, నిజంగా నేను ఏటీ కలపనేదు" అంది హేమ.

నమ్మాలనే ఉంది, కానీ నా నమ్మకం ఎవరికి కావాలి? క్రోమోజోములు లెక్కపెట్టాలి. వేరు కొనకు రంగు పట్టించి, స్లైడు మీద సన్నటి గాజు బిళ్ల కింద ఉంచి బొటనవేలితో నొక్కాలి. దీన్నే స్క్వాష్ అంటాం. వేలు పిసరు జరిగినా కణాలు నుజ్జే. కోపంలో గట్టిగా నొక్కేసి రెండు కొనలు పాడుచేశాను. రంగు పట్టించినవాటిలో ఇక ఒక్కటే మిగిలింది.

"నువ్వు నొక్కు."

"పాడైపోతే మేడమ్?"

"ఇద్దరం కలిసే తిట్లు తిందాం. నొక్కు."

ఊపిరి బిగబట్టి నొక్కింది. మైక్రోస్కోపులో చూస్తే ఒక కణంలో క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. ఇరవై నాలుగు. సార్‌ని పిలిచాను. ఆయన రెండుసార్లు లెక్కపెట్టారు.

"చౌబీస్. మామూలు వరికున్నన్నే! మరి ఆ ఎక్కువ డీఎన్‌ఏ ఎక్కడిది?"

"రెట్రోట్రాన్స్‌పోజాన్లు అయ్యుండాలి సార్" అన్నాను. ఇవి తమ నకళ్లు తీసుకుని క్రోమోజోముల్లో కొత్త చోట్ల దూరే డీఎన్‌ఏ ముక్కలు. పాతది ఉన్నచోటే ఉంటుంది, జిరాక్స్ తీసినట్టు. క్రోమోజోముల సంఖ్య మారదు, లోపలి సరుకు పెరుగుతుంది. మొక్కజొన్న జీనోము వరికంటే అంత పెద్దది కావడానికి ముఖ్య కారణం ఇవే. మా అడవి వరిలోనూ అవే నిండి ఉన్నాయని తర్వాత డీఎన్‌ఏ చదివించినప్పుడు తేలింది.

సార్ మొహం ఒక్కసారిగా పాలిపోయింది. "పీకమని అప్పుడే మనుషుల్ని పంపేశాను!"

ముగ్గురం మొక్కలు పెంచే నెట్‌హౌస్‌కి పరిగెత్తాం. సగం కుండీలు అప్పటికే ఖాళీ. నాకు ఏడుపొచ్చింది. హేమ మాత్రం కింద కూర్చుని, పడేసిన మొక్కల్ని ఏరి బురదలో గుచ్చసాగింది.

"వరి కదా మేడమ్, పీకి నాటితే బతుకుతాది."

చాలావరకు బతికాయి. యంత్రం నమ్మలేని అంకె చూపిస్తే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది. కానీ వేరు కొన చూసేదాకా ఎవరినీ మొక్కని పీకనివ్వను, మనిషిని తప్పుపట్టనివ్వను.