పదహారో ట్యూబు

అక్టోబరులో ఇంట్లో హీటర్ మొదటిసారి వేసిన రోజున కాలిన దుమ్ము వాసన వస్తుంది. మా ఆవిడ కిటికీలు తెరుస్తుంది. నేను ఆ వాసన పీల్చుకుంటూ శేషగిరి అంకుల్‌ను తలుచుకుంటాను.

స్టూడెంట్ వీసాల వరదలో నేను కెనడాలోని బ్రాంప్టన్‌లో తేలినప్పుడు ఆయన మా ఇంటి ఓనరు. ఆయన బేస్‌మెంట్‌లో ఏడుగురం ఉండేవాళ్లం. ఒకడు పక్కకు ఒత్తిగిలాలంటే మిగతా ఆరుగురూ తీర్మానం చేయాలి. జుట్టు పలచబడ్డాక చదువుకొచ్చిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నాతో స్నేహం చేశారు. 1950ల్లో ఆయన ఇక్కడ చదువుకుంటూనే, యూనివర్సిటీలో తొలినాళ్ల ఎలక్ట్రానిక్ కంప్యూటర్ కట్టిన బృందంలో పనిచేశారు. గది నిండా గాజు ట్యూబులట. ఆ వేడికి, నా లెక్క ప్రకారం, చుట్టూ నాలుగు వీధుల్లో మంచు కురిసి ఉండదు.

"రోజూ పొద్దున్నే పెన్సిల్ రబ్బరుతో ఒక్కో ట్యూబునూ తట్టేవాళ్లం అబ్బాయ్," అనేవారు. "తడితే తడబడిందా, తీసి మార్చేయడమే. దాన్ని బతిమాలకూడదు."

ఆ మిషన్ ఎప్పుడో తుక్కయింది. ఆయన చేత్తో కట్టిన పదహారు ట్యూబుల పలక ఒక్కటే మిగిలింది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి సీలు వేసేముందు యూనివర్సిటీవాళ్లు ఆయనకు ఒక మధ్యాహ్నం ఇచ్చారు. చివరిసారిగా అది పూర్తిగా వెలగాలని ఆయన కోరిక. చూపు మసకబారింది, చేతులు వణుకుతున్నాయి, నన్ను వెంటబెట్టుకెళ్లారు.

కరెంటు ఇవ్వగానే కాలిన దుమ్ము వాసన వచ్చింది. నేను వరసగా తట్టాను. పదిహేను వెలిగాయి. చివరిది చీకటిగానే ఉండిపోయింది.

"అన్నీ వెలిగాయా?"

అంత పెద్దాయన, అంత ఆశగా అడుగుతుంటే లేదనడానికి మనసొప్పలేదు. "వెలిగాయి అంకుల్. దీపావళిలా ఉంది," అన్నాను.

ఆయన నవ్విన నవ్వును పెంచి చెప్పడం నాకు కూడా చేతకాదు.

మర్నాడు, పెట్టెకు సీలు వేశాక, యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆయనకు ఫోన్ చేశారు. అంతా బాగుంది, ఒక్కటే వెలగలేదు పాపం, అన్నారట. అంకుల్ నన్ను తిట్టలేదు. కోటు జేబులోంచి దూదిలో చుట్టిన ట్యూబు తీసి బల్లమీద పెట్టారు.

"నిన్న ఇంకోటి వెంట తెచ్చాను నాయనా. లేదని చెబితే మార్చేవాళ్లం కదా."

"మీరు బాధపడతారని..."

"పడితే పడేవాణ్ణి. పది నిమిషాల పని."

ఆయన ఆ చలికాలం దాటలేదు.

గోరంతను కొండంత చేస్తానని నాకు పేరుంది, కాదనను. కానీ ఆఫీసులో "పనిచేస్తోందా?" అని అడిగితే, ఎదుట ఎంతటివారున్నా, చేయకపోతే లేదనే అంటాను. అన్న ప్రతిసారీ, ఆ మాట చెప్పవలసిన మనిషికి చెప్పలేదే అనిపిస్తుంది.