అక్క చేసిన ఫిర్యాదు

పదకొండేళ్లుగా ఆమె నగరపాలక సంస్థ కార్యాలయంలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతోంది. మొదట్లో పుస్తకంలో రాసుకుని, ఇంజనీరు వెంటపడి మరీ పని చేయించేది. కంప్యూటర్ వచ్చాక రెండు రోజుల్లో 'పరిష్కరించాం' అని నొక్కని ఫిర్యాదు తెరమీద ఎర్రబడుతోంది. దానికి ఆమె పై అధికారి చేత చీవాట్లు తినాలి.

ఒకరోజు సొంత అక్కే ఫోన్ చేసింది. "మా కుళాయిలో మురుగు కలుస్తోందే. చంటిదానికి తాగే నీళ్లు రెండు వీధులవతల నుంచి మోసుకొస్తున్నా."

ఆమె ఇంజనీరును బతిమాలింది. "పైపులన్నీ మార్చాలమ్మా, ఏడాది పట్టుద్ది," అన్నాడాయన.

మూడోరోజు అధికారి వచ్చి ఆమె వెనకే నిలబడ్డాడు. "ఎన్నికలు నెత్తిమీదున్నాయి. ఒక్క ఎరుపు కనబడకూడదు."

ఆమె అక్క ఫిర్యాదు మీద 'పరిష్కరించాం' అని నొక్కింది.

కాసేపటికే అక్క ఫోన్. "బాగుచేశామని మెసేజ్ వచ్చిందే! అంతా నీ చలవే. ఇప్పుడే చంటిదానికి గ్లాసుడు పట్టాను."

అధికారి ఇంకా కదల్లేదు. "కాచి పట్టవే అక్కా," అని మాత్రం అనగలిగింది ఆమె.

"ఇంకెందుకే, బాగైపోయిందిగా!" అని అక్క నవ్వేసింది.

రెండు రోజులకి చంటిదాన్ని ఆస్పత్రిలో చేర్చారు. మంచం పక్కన అక్క ఏడుస్తూ ఆమె చెయ్యి వదల్లేదు. ఆమె నిజం చెప్పనూ లేదు.