అక్క కోసం మార్చిన షాక్‌లు, అక్క లేని గోదావరి

వరంగల్ నుంచి ఏటూరునాగారం బైక్ మీద వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దారి గురించి మంచి మాటలే చెప్తాను, నా తెలివి గురించి మాత్రం చెప్పలేను.

మా పెద్దక్క కొత్తవాడలో జంపఖానాలు నేసేది. ఏళ్ల తరబడి మగ్గం మీద వంగి వంగి నడుము పాడుచేసుకుంది. మొన్న ఎండాకాలంలో నా బైక్ మీద పాలకుర్తి గుట్టకు తీసుకెళ్తే, తిరిగొచ్చాక రెండు రోజులు మగ్గం ముందు కూర్చోలేకపోయింది. వెనక షాక్‌అబ్జార్బర్లు ఎప్పుడో చచ్చిపోయాయి. ప్రతి గుంతా నేరుగా ఆమె వెన్నుకే తగిలింది. ఇప్పుడు ఆ మగ్గమూ విప్పేశారు. సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ, పోయేలోపు నిండుగా పారే గోదావరిని చూడాలని ఒక్కటే అడిగింది. బస్సెక్కితే కాసేపటికే వాంతులు. కారన్నా అంతే. "నీ బండి మీదనే పోదాం తమ్మీ, గాలి తగుల్తది. నడుమంటవా, జర ఓర్సుకుంట" అంది. ఎందుకు ఓర్చుకోవాలని నేను పంతం పట్టాను.

పక్కన చిన్న గ్యాస్ డబ్బా ఉండే మంచి రకం షాక్‌లు తెప్పించాను. జత ఏడు వేలు. శనివారం సాయంత్రం ములుగు రోడ్డులో తెలిసిన మెకానిక్ దగ్గరికి పోతే, బిగింపుకు మూడొందలన్నాడు. ఎడమవైపుది పెట్టేటప్పుడు ఆగి అడిగాడు. "అన్నా, డబ్బా సారీ గార్డుకు తాకుతాంది. గార్డు తీస్తెనే ఇది కూసుంటది. తియ్యన్నా?" నా కళ్లు మెరిసే కొత్త స్ప్రింగుల మీదే ఉన్నాయి. "తీసెయ్" అన్నాను. గార్డుతో పాటు దాని కింద ఉండే లేడీస్ ఫుట్‌రెస్ట్ కూడా పోయి షాపు మూలన పడింది. ఇంటికొచ్చేటప్పుడు గుంతల్ని వెతుక్కుని మరీ ఎక్కించాను. బండి ఊగిందే గానీ కుదుపు లేదు. రేపు అక్క ఏమంటుందోనని రాత్రి నవ్వుకుంటూ పడుకున్నాను.

ఆదివారం పొద్దున్నే అక్క ఆకుపచ్చ చీర కట్టుకుని, సర్వపిండి కట్టిన సంచి పట్టుకుని వచ్చింది. ఎప్పటిలాగే ఎడమవైపు నిలబడి, నా భుజం పట్టుకుని, కాలు పైకెత్తింది. ఆ కాలు గాలిలోనే కొంచెం వెతికింది.

"కాలెక్కడ వెట్టాలె తమ్మీ?"

షాపు మూలన పడేసిన ఫుట్‌రెస్ట్ నాకప్పుడు గుర్తొచ్చింది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, అత్తగారింట్లో ఫంక్షనని నర్సంపేటలో ఉన్నాడు. గార్డేమో తాళం వేసిన షాపులో. మర్నాడు పొద్దున అక్కకు రైలు. అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోమన్నాను. కొత్త షాక్‌లకు సీటు కూడా ఎత్తయింది, ఆ నడుముతో ఆమె కాలు అంత ఎత్తు లేవదు. చివరికి పక్కకే కూర్చుని, కాళ్లు వేలాడేసి, కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకుని "పోనియ్" అంది. సైకిళ్లతో సమానంగా పోనిచ్చాను. ఆరెపల్లి దాటి, ఎలాగో గుడెప్పాడు క్రాస్‌రోడ్డు చేరి చాయ్ హోటల్ ముందు ఆపాను. అప్పటికే చీర అంచు చక్రానికి రాసుకుని నల్లబడింది. హోటలామె చూసి కేకేసింది. "అమ్మో! చీర చక్రంల వడితె పానం పోతదమ్మా! దిగుండ్రి ముందుగాల!"

అక్క చాయ్ తాగి, సర్వపిండి సంచి నా చేతిలో పెట్టింది. "నేను బస్సుల వాపస్ పోత. ఇక్కడికే గద, కండ్లు మూస్కుంట. నువ్వు పోయి సూసి రా. సీసల ఇన్ని నీళ్లు పట్కరా."

"వద్దక్కా, ఇద్దరం పోదాం ఇంటికి."

"ఇద్దరం సూడకుంటె నాకెవలు జెప్తరు? పోరా!"

ఆమెను హన్మకొండ బస్సెక్కించి ముందుకు కదిలాను. ములుగులో టిఫిన్ నలభై రూపాయలు, బాగుంటుంది. అక్కడే పెట్రోలు నింపుకుంటే తిరిగొచ్చేదాకా చాలు. పస్రా దాటాక అడవి మొదలవుతుంది. తాడ్వాయి వైపు రోడ్డు మీద కోతులుంటాయి, నెమ్మదిగా వెళ్లండి. షాక్‌లు పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేశాయి. అదే నాకు మంట. ఏ గుంత దాటినా కుదుపు రాకపోయేసరికి ఏడుపొచ్చేది. ఎవరి నడుము కోసం ఇదంతా? ఏటూరునాగారం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇంకాస్త ముందుకెళ్తే వంతెన. కింద గోదావరి ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ పోతోంది. వంతెన మీద మక్కకంకులు కాల్చే ఆమె అడిగింది. "ఒక్కనివే అచ్చినవా అన్నా?" అవునన్నాను. రెండు కంకులు కొని, రెండోది ఎవరికివ్వాలో తెలియక ఆమెకే తిరిగిచ్చేశాను. ఒడ్డుకు దిగి సీసా నింపుకున్నాను.

చీకటి పడే వేళకు అక్క ఇంటికి చేరాను. అక్క మూటలు కట్టుకుంటోంది. సీసా అందుకుని, కొన్ని నీళ్లు తలమీద చల్లుకుని, మిగతావి బట్టల మధ్య పెట్టుకుంది. ఫోన్లో తీసిన వీడియో రెండుసార్లు చూసింది. తర్వాత అడిగింది.

"తొవ్వ మంచిగున్నదా? కుదుపులున్నయా?"

"లెవ్వక్కా. ఒక్కటి గూడ తెల్వలె."

చిన్నగా నవ్వింది. "పాత బండే మంచిగుండె తమ్మీ. నడుము నొస్తె నొస్తుండె, నది సూద్దును."

అక్క రైలెక్కిన మర్నాడు షాపుకెళ్లాను. మెకానిక్ రెండు వాషర్లు అడ్డం పెట్టి గార్డును కొంచెం బయటికి జరిపి, కొత్త షాక్‌లు ఉండగానే బిగించేశాడు. ఫుట్‌రెస్ట్ కూడా వచ్చి చేరింది. అరగంట పని. శనివారం నేను "తీసెయ్" అనే ముందు ఇంకో దారి ఉందా అని అడిగి ఉంటే చాలు. నడుము గురించి అంత ఆలోచించినవాణ్ని, ఆమె బండి మీద ఎలా కూర్చుంటుందన్నది మాత్రం మరిచాను. ఇప్పుడు బండికి అన్నీ ఉన్నాయి. ఆ ఫుట్‌రెస్ట్ మీద దుమ్ము పేరుకుంటోంది, తుడిచినప్పుడల్లా గాలిలో వెతికిన ఆ కాలే గుర్తొస్తుంది.

షాక్‌లు మార్పించుకునేవాళ్లకు ఒక్క సలహా: మీ వెనక కూర్చునే మనిషిని షాపుకు వెంట తీసుకెళ్లండి. ఆమె చీరలోనే, ఆమె కూర్చునే పద్ధతిలోనే, ఒకసారి ఎక్కించి చూశాకే షాపు నుంచి కదలండి.