తిరగని అరచెయ్యి

కోల్‌కతాలో నేను డాక్టరు చదువులో చేరిన ఏడాది, శవాలను కోతబల్లల మీద సర్దిపెట్టే మనిషిని అందరం బెంగాలీలో దాదా, అంటే అన్న, అనేవాళ్లం. ఓడరేవు దగ్గర ఏక్‌బాల్‌పూర్‌లో ఉండే శ్రీకాకుళం మనిషి. నాది తెలుగని తెలిశాక నాతో బెంగాలీ మాట్లాడటం మానేశాడు.

శరీరాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, అరచేతులు రెండూ పైకి తిప్పనిదే అతను బల్ల దగ్గర నుంచి కదిలేవాడు కాదు. మా పుస్తకం చెప్పే భంగిమ అదే. మొదటిరోజు కాళ్ల దగ్గర నిలబడి, నాకు కుడివైపు కనిపించిన చేతిని కుడిచెయ్యి అన్నాను.

“నీ కుడి ఎవులిక్కావాలమ్మా? ఆ మనిషి కుడి సెప్పు,” అని కసిరాడు.

ఒక సోమవారం కొత్త శరీరం వచ్చింది. ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. ఎడమ అరచెయ్యి మాత్రం బల్లకేసి బోర్లా ఉంది. దాదా మరిచిపోయాడనుకుని మణికట్టు పట్టుకుని తిప్పబోయాను.

“ఒగ్గేయమ్మా! అది తిరగదు. ఓడల డాకులో ఇరిగి అతుక్కున్న సెయ్యి.”

“మీకెలా తెలుసు?”

“మా అన్న. సదువుకునే పిల్లలకి పనికొత్తానని బతికుండగానే రాసిచ్చీసినాడు.”

నా వేళ్లు ఇంకా ఆ మణికట్టు మీదే ఉన్నాయి. అతను ఎప్పటి గొంతుతోనే అడిగాడు.

“ఏ సెయ్యమ్మా అది?”

“మీ అన్నగారి ఎడమచెయ్యి,” అన్నాను.

తలాడించి, పక్క బల్ల మీది అరచేతులు తిప్పడానికి వెళ్లిపోయాడు.