విమలక్క క్రాలర్ అడగకుండా ఎవరి సైట్‌లోకీ వెళ్ళలేదు

నిన్న పొద్దున ప్రభాకర్ బావ ఫోన్ చేశాడు. "తమ్మీ, మీ అక్క పోయింది" అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. నిజంగా అట్లాగే అడిగాను.

విమలక్క ముందురోజు సాయంత్రమే నాతో సర్వర్ గురించి మాట్లాడింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "పండుకున్నది, లేవలే" అన్నాడు బావ.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

అక్క గురించి తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా. కరీంనగర్‌లో ఒక్క గది ఆఫీసు మాది. ఉండేది మేమిద్దరమే. జమ్మికుంట నుంచి ఆదిలాబాద్ దాకా పత్తి రైతుల ఫోన్లకు ఆ రోజు రేటు వాయిస్ మెసేజ్ పంపుతాం. ఆ రేట్లు తెచ్చేది అక్క రాసిన క్రాలర్. అంటే, మన బదులు వెబ్‌సైట్లు తిరిగి, కావాల్సింది చదువుకొచ్చే ప్రోగ్రాం.

నాకు కోడింగ్ నేర్పింది కూడా అక్కే. డిగ్రీ అయ్యాక ఖాళీగా తిరిగే రోజులు. వాళ్ళ చర్చి హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఫ్రీగా క్లాసు చెప్పేది. నేను ప్రార్థన అయిపోయేదాకా బయట టీ కొట్టు దగ్గర నిలబడి, సరిగ్గా క్లాసు టైంకు లోపలికి వెళ్ళేవాణ్ణి. అక్క దానికి ఏనాడూ ఒక్క మాట అనలేదు.

సైట్లలో రోబోట్స్ ఫైల్ అని ఒకటుంటుంది. క్రాలర్లు ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో సైట్ యజమాని అందులో రాసి పెడతాడు. అది మాట మాత్రమే, తాళం కాదు. పట్టించుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ.

అక్క క్రాలర్ ముందు అదే చదివేది. వద్దని ఉంటే వెనక్కి వచ్చేసేది. రమ్మన్న చోట కూడా ఆగి ఆగి, సైట్ మీద బరువు పడకుండా తిరిగేది. పైగా వెళ్ళిన ప్రతి చోటా తన పేరూ, అక్క ఫోన్ నంబరూ చెప్పుకునేది.

ఆ నంబర్ చూసి ఒకసారి జమ్మికుంట నుంచి విత్తనాల షాపాయన ఫోన్ చేశాడు.

"అమ్మా, మీరు రోజు పొద్దుగాల మా సైట్ల తిరుగుతున్నరు. ఏం విత్తనం గావాలె, మొగమాటం లేకుంట చెప్పుండ్రి."

అది మనిషి కాదు, ప్రోగ్రాం అని అక్క ఓపిగ్గా చెప్పింది.

"ప్రోగ్రాంకు ఫోన్ నంబర్ ఎందుకమ్మా?"

"మీకు కోపమొస్తే తిట్టనీకి ఒక మనిషి ఉండాలె గద అన్నా."

ఆయన నవ్వాడు. అక్కేమో అంతదూరం నుంచి ఫోన్ చేశాడు పాపం అని ఆయన దగ్గరే బీర విత్తనాలు కొంది. ఆ ఏడు ఆఫీసులో రోజూ బీరకాయ కూరే.

ఇక ఇచ్చోడ సంగతి.

ఆదిలాబాద్ దిక్కు రేట్లకు మాకు ఇచ్చోడలో పత్తి కొనే ఒక సేటు సైట్ ఒక్కటే ఆధారం. పత్తి జోరుగా వస్తున్న రోజుల్లో ఆయన ఏ క్రాలరూ రావద్దని ఫైల్‌లో రాసేశాడు.

అక్క వెంటనే మా క్రాలర్ ఆపేసింది.

ఇక చూడండి, ఫోన్లే ఫోన్లు. ఉట్నూర్ దిక్కు భీంరావు మామ ఉండేవాడు. మా మెసేజ్ విన్నాకే ఊరివాళ్ళ పత్తి బండికెత్తేవాడు. "రేటు రాలే బిడ్డా. పత్తి ఇచ్చోడకు తీస్కపోవాల్నా, ఆదిలాబాద్‌కు తీస్కపోవాల్నా? అందరం పరేషాన్ల ఉన్నం" అన్నాడు.

రైతులు ఆ సీజన్‌లో మమ్మల్ని వదిలేస్తే ఆఫీసు మూసుకోవడమే. నాకు ఒళ్ళు మండిపోయింది. క్రాలర్ పేరు మార్చి పంపుదాం, ఎవడు చూస్తాడు అన్నాను.

"ఇంటాయన వద్దన్నంక దొడ్డిదారిన పోతమా తమ్మీ? ఎందుకు వద్దన్నడో పోయి అడుగుదాం" అంది.

మర్నాడే బస్సెక్కాం. దారి పొడుగునా నేను మొహం ముడుచుకునే కూర్చున్నాను. అక్క పల్లీలు ఒలిచి నా చేతిలో పెడుతూనే ఉంది.

సేటు కోపంగానే ఉన్నాడు. ఆ దిక్కు అక్కను తాయీ అని పిలుస్తారు. "నేను రేటు వెట్టే టైంకే మీ మిషిన్లన్ని మీద వడ్తున్నయ్ తాయీ. నా సైట్ నాకే తెరుసుకుంటలే."

అక్క వాదించలేదు. కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. ఎవరి క్రాలర్లు ఎన్నిసార్లు వచ్చి పడుతున్నాయో ఆయన కంప్యూటర్‌లోనే తీసి చూపించింది. మాది రోజుకు ఒక్కసారే.

"అందరికి బందే ఉంచుండ్రి. మా ఒక్క పేరుకు, గా రేట్ల పేజీ వరకే ఇయ్యుండ్రి. మీరు రేటు వెట్టినంకనే వస్తం. సైట్ స్లో ఉంటే మల్లిపోతం. మీరు వద్దన్న దినం బంద్ చేస్తం. గా రేటు కోసం జంగల్ ఊర్లల్ల పత్తి కుప్పలు వోసుకోని చూస్తున్నరు సేటూ."

సేటు చాయ్ తెప్పించాడు.

"ఇన్ని దినాలు అందరు తీస్కపోయిండ్రు. గిట్ల ఒచ్చి ఎవ్వలు అడ్గలే తాయీ" అన్నాడు. ఎట్లా రాయాలో అక్కను అడిగి, ఫైల్‌లో మా పేరు ఆయనే టైప్ చేశాడు.

మర్నాడు రేటు వెళ్ళింది. భీంరావు మామ బండి కదిలింది. తర్వాత్తర్వాత సైట్ పనిచేయని రోజుల్లో సేటే ఫోన్ చేసి రేట్లు చెప్పేవాడు.

ఈ రోజుకీ మా ఆఫీసు నడుస్తోందంటే, నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే, అది అక్క పుణ్యమే. నాకు చేతికి పని నేర్పింది. ఆ పని తలెత్తుకుని చేయడం కూడా నేర్పింది. థాంక్స్ అక్కా. చాలా చిన్న మాట, తెలుసు.

నిన్న సేటుకు ఫోన్ చేసి చెప్పాను. "అరే తాయీ" అన్నాడంతే.

ఈ పొద్దున, అక్క భూస్థాపనకు వెళ్ళేముందు, రైతులు రేటు కోసం చూస్తుంటారని లాప్‌టాప్ తెరిచాను. సేటు ఫైల్ మార్చాడు. మా పేరు కింద ఉన్న షరతులన్నీ తీసేశాడు. ఇప్పుడు మేము ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా, ఏ పేజీకైనా వెళ్ళవచ్చు.

ఆయన రేటు పెట్టేదాకా ఆగాను. రేట్ల పేజీ ఒక్కటే చదివించాను. ఒక్కసారే.

పోయిరా అక్కా. నువ్వు నమ్ముకున్న ప్రభువు ఒడిలో నెమ్మదిగా ఉండు.