నా వీపుకు ఆనిన వీపు

ముందే చెప్పేస్తున్నాను, దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. తెనాలిలో మా పిన్ని ఇలాంటివి మొదలుపెడితే కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ణి. పద్నాలుగేళ్ళుగా డబ్లిన్‌లో ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటున్నాను. తూచి, కొలిచి చూడనిదే దేన్నీ ఒప్పుకోని ఉద్యోగం నాది.

అయినా కిందటేడు ఫిబ్రవరిలో ఒక శనివారం, పట్టపగలు, ఇరవై మంది మధ్య జరిగిన దానికి నా దగ్గర లెక్క లేదు. రాసుకుంటే కాస్త బరువు దిగుతుందేమో చూడండి అని మా ఆవిడ స్వర్ణ అంటే రాస్తున్నాను.

మా యూనివర్సిటీలో పాతకాలం నాటి భోజనాల క్లబ్బు ఒకటి ఉంది. పేరు చెప్పను. అద్దె గదుల్లో చలికి వణుకుతూ చదువుకునే పన్నెండు మంది కుర్రాళ్ళు, వారానికి ఒక్కపూటైనా కలిసి కడుపునిండా తినాలని మొదలుపెట్టారట. ఇప్పుడు స్టూడెంట్లు, లెక్చరర్లు, రిటైరైనవాళ్ళు అందరూ ఉన్నారు. ఏడాదికి నాలుగుసార్లు మధ్యాహ్నం ఒంటిగంటకు కూర్చుంటారు. ఇక్కడి పాతవాళ్ళ అలవాటు ప్రకారం దాన్నే డిన్నర్ అంటారు. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పడెయ్యాలి.

నన్ను అందులో చేర్చుకోమని చెప్పినవారు ప్రొఫెసర్ బ్రెండన్. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన కింద పనిచేశాను. ఇల్లు లీజుకు తీసుకునేటప్పుడు సంతకం ఎక్కడ పెట్టాలో, పిల్లకు జ్వరం వస్తే ఏ జీపీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో అన్నీ ఆయనే చెప్పారు. ఆయనకు భార్యాపిల్లలు లేరు. ఒక్కరే ఉంటారు. ఇక్కడ మాకు పెద్దదిక్కు ఆయనే.

ఆ క్లబ్బు ఆచారాల్లో రెండు చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఒకటి, పుడ్డింగ్‌కు ముందు రెండు పిడుల వెండి గిన్నెలో మసాలా వేసిన ఎర్ర వైన్ అందరి చేతులూ తిరుగుతుంది. తాగే మనిషి వెనక ఇంకొకరు వీపుకు వీపు ఆనించి కాపలా నిలబడతారు. ఎప్పుడో ఏదో రాజును తాగుతుండగా వెనకనుంచి పొడిచారట, అందుకని. కొత్త సభ్యుడి వెనక అతన్ని చేర్పించిన మనిషే నిలబడాలి. తాగిన తర్వాత వెనక్కి తిరిగి, కాపలా ఉన్న మనిషికి తల వంచాలి.

రెండోది, కబురు చెప్పకుండా ఎవరైనా రాకపోతే, కొత్త సభ్యుడు ప్లేట్లో భోజనం పట్టుకెళ్ళి వాళ్ళ తలుపు తట్టాలి. మొదటి పన్నెండు మందిలో ఒకడు గదిలో జ్వరంతో పడి ఉండి, ఎవరూ చూడక చనిపోయాడట. అప్పటినుంచీ ఉంది ఈ పద్ధతి.

డిన్నర్‌కు వారం ముందు బ్రెండన్ చెర్రీవుడ్‌లోని మా ఫ్లాటుకు వచ్చి నాకు రిహార్సల్ చేయించారు. సాంబారు గిన్నె నా చేతికిచ్చి వెనక నిలబడ్డారు. ఆయన పొట్టి మనిషి. తల సరిగ్గా నా భుజాల మధ్య ఎముకకు తగిలేది. "మోచేత్తో రెండుసార్లు పొడుస్తాను రవీ, అప్పుడు తాగు" అన్నారు. ఆయన కుడి మోచెయ్యి నా ఎడమ డొక్కలో రెండుసార్లు తగిలింది. స్వర్ణ ఒకటే నవ్వు. ఆ సైగ మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆయనకు చెప్పలేక మింగేసిన మాట ఒకటుంది. ఇరవై మంది మూతులు పెట్టిన గిన్నె. ఎంగిలి తాగడం నావల్ల కాదు, చిన్నప్పుడు మా అమ్మ అలా పెంచింది. ఎత్తి పోసుకుందాంలే, ఎవరు చూస్తారు అని లోపల్లోపలే నిర్ణయించుకున్నాను.

ఆ శనివారం నా ఎడమపక్క కుర్చీ ఖాళీగానే ఉంది. బ్రెండన్ ఆలస్యంగా రావడం మామూలే కాబట్టి నేను కంగారు పడలేదు. సూప్ అయింది, మటన్ అయింది. రెండు దాటాక గిన్నె బయల్దేరింది. హాల్లో ఉక్కగా ఉంటే కోటు విప్పేశాను. ఎదురుగా ఫియోనా అనే ఫైనలియర్ అమ్మాయి గిన్నె మూత పట్టుకుని నిలబడింది. నా వెనక ఎవరు నిలబడతారా అని అప్పుడు మాత్రం గుమ్మం వైపు చూశాను.

అంతలో వీపుకు వీపు ఆనింది. పల్చటి చొక్కాలోంచి ఉన్ని కోటు గరుకు తెలిసింది. భుజాల మధ్య తల తగిలింది. అమ్మయ్య, వచ్చేశారు అనుకున్నాను. ఎడమ డొక్కలో మోచెయ్యి రెండుసార్లు తగిలింది.

గిన్నె ఎత్తి పోసుకున్నాను. అదేమన్నా మన ఇంట్లో స్టీలు గ్లాసా? వెడల్పాటి అంచు నుంచి వైన్ గడ్డం మీదుగా తెల్ల చొక్కా మీదికి దిగింది. అందరూ గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరగాలని, తల వంచాలని గుర్తే లేదు. గిన్నె ఫియోనా చేతిలో పెట్టి బాత్‌రూమ్ వైపు పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి బల్ల ఆ చివరనుంచి సెక్రటరీ గ్రాన్యా హాజరు పుస్తకం పట్టుకుని వచ్చింది.

"బ్రెండన్ కనపడలేదు. కొత్తవాడివి నువ్వే కదా రవీ, ప్లేటు సర్దించనా?"

"అయ్యో, వచ్చారు. ఇందాక నా వెనక నిలబడింది ఆయనే. బయటికెళ్ళుంటారు" అన్నాను.

ఆవిడ టిక్కు పెట్టుకుంది. నేను కూర్చుని పుడ్డింగ్ తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. బ్రెండన్ ఇల్లు అక్కడికి నడిచి పదిహేను నిమిషాలు.

సాయంత్రం ఆరు దాటాక పక్కింటావిడ ఆయన్ని చూసిందట. ఇంటి తలుపు లోపల, కోటు తొడుక్కుని, నేలమీద పడి ఉన్నారు. పక్షవాతం. డిన్నర్‌కు బయల్దేరబోతూ పన్నెండున్నరకు పడిపోయారు. కుడిపక్క మొత్తం అప్పుడే పోయింది. నా డొక్కలో తగిలిన మోచెయ్యి ఏ చేతిదో మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు.

మూడింటికల్లా ప్లేటు పట్టుకుని నేను ఆ తలుపు తట్టి ఉండాల్సింది. ముందే తీసుకొస్తే చెయ్యి దక్కేదా అని డాక్టర్‌ను అడిగాను. చెప్పలేం అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ పడుకోనివ్వదు.

నేనేమీ ఊరుకోలేదు. నా వెనక నిలబడ్డారా అని ఇరవై మందినీ పేరుపేరునా అడిగాను. అందరూ తాము కాదన్నారు. నీ చొక్కా చూసి నవ్వుతున్నాను, నీ వెనక ఎవరినీ చూడలేదు అంది ఫియోనా. నా వెనక ఉన్నది కిటికీ, గోడ. కంగారులో మనసు ఆడిన నాటకం అనుకుందామా? అలాగే అనుకుని నెల గడిపాను. కానీ ఆయన రాలేదని నాకు తెలిసుంటే తప్పకుండా వెళ్ళేవాణ్ణి. వెళ్ళకుండా నన్ను ఆపింది ఆ వీపే.

ఆయనకు మాట కాస్త వచ్చాక ఆసుపత్రికి వెళ్ళాను. స్వర్ణ పెరుగన్నం కట్టిచ్చి, "ఇవాళైనా చెప్పెయ్యండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను" అంది. మంచం పక్కన కూర్చుని, మీరు వచ్చారని చెప్పింది నేనే, నావల్లే ఎవరూ రాలేదు అన్నాను. అంతే, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆయన నోరు ఒక పక్కకు లాగేస్తోంది. ఒక్కో మాటా కూడదీసుకుని అన్నారు. "అబద్ధం కాదుగా. వచ్చాను." తర్వాత, "నువ్వే వెనక్కి తిరగలేదు" అన్నారు.

నేను తిరగలేదని ఆయనకు ఎవరు చెప్పారు? అంతకుముందు ఆయన్ని చూడ్డానికి వచ్చింది ఆయన చెల్లెలు, గ్రాన్యా ఇద్దరే. గ్రాన్యా ఆ మాటే ఎత్తలేదంది. ఆ చెల్లెలికి క్లబ్బు గొడవే తెలియదు. తర్వాత అడిగితే, తానేమన్నారో గుర్తులేదన్నారు బ్రెండన్. వచ్చింది ఆయనే అయితే సాయం అడగడానికి వచ్చారా, నాకిచ్చిన మాట కోసం వచ్చారా? నేను తిరిగి ఉంటే ఏం చూసేవాణ్ణి?

ఈ ఫిబ్రవరిలో ఆయన్ని చక్రాల కుర్చీలో డిన్నర్‌కు తీసుకెళ్ళాను. గిన్నె ఆయన దాకా వచ్చింది. పట్టుకోవాలంటే రెండు చేతులు కావాలి. ఆయనకు ఉన్నది ఒకటి.

"నీ పద్ధతిలో పొయ్యి రవీ" అన్నారు.

"మీ వెనక ఎవరూ లేరు, ఉండండి, ఎవరినైనా పిలుస్తాను."

"ఉన్నార్లే. గ్రాండ్, ఏం ఫరవాలేదు. పొయ్యి."

ఆయన తల మీదుగా చూశాను. కిటికీ, గోడ. అంతే. సన్నటి ధారగా పోశాను. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

తాగాక ఆయన తిరగలేరు కాబట్టి కుర్చీ నేనే తిప్పాను. ఆయన గోడవైపు తల వంచారు. పక్కన నిలబడి నేను కూడా వంచాను, ఏడాది ఆలస్యంగా. ఎవరికి వంచానో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.