గంటన్నర పాకం

లాండ్రీలో ఆవిణ్ణి అందరూ బొత్తాలమ్మ అంటారు. ఉతికి వచ్చిన చొక్కాలకు ఊడిపోయిన బొత్తాలు కుట్టడం ఆవిడ పని. పదకొండేళ్లుగా కిటికీ పక్కన అదే స్టూలు మీద కూర్చుని, డబ్బాలోంచి రంగుకు రంగు, సైజుకు సైజు వెతికి తీసి, ఏది పాతదో ఏది కొత్తదో తెలియనంత నీటుగా కుడుతోంది. మనిషి చెడ్డది కాదు. కాకపోతే పొగిడితే పొంగిపోతుంది. ఆ రోగం మనలో ఎవరికి లేదు గనక!

ఒక సోమవారం టీ వేళకు ఇంట్లో చేసిన పల్లీ పట్టీ తెచ్చి పంచింది. పలచగా, కరకరలాడుతూ, పంటికి అంటుకోకుండా ఉంది. ఎదురు టేబుల్ దగ్గర ఇస్త్రీ చేసే అక్క రెండో ముక్క నోట్లో వేసుకుంటూ, "పాకం దగ్గర ఎంతసేపు నిలబడ్డావే తల్లీ!" అంది.

"గంటన్నర పట్టిందక్కా" అని నోరు జారింది బొత్తాలమ్మ.

నిజానికి పట్టింది పది నిమిషాలు. గాజు గిన్నెలో పంచదార, కాస్త తేనె, పల్లీలు వేసి మైక్రోవేవ్‌లో పెట్టడం, మధ్యలో రెండుసార్లు తీసి కలపడం, చివర్లో కాస్త వెన్న, చిటికెడు తినే సోడా వేసి, నురగ రాగానే నూనె రాసిన పళ్లెంలో పరిచేయడం. అంతే. కానీ అందరూ అంతలా మెచ్చుకుంటుంటే ఆ మాట చెప్పడానికి మనసొప్పలేదు.

అక్క ఆ గంటన్నరను మనసులో పెట్టుకుంది. "శనివారాలు నువ్వు నాలుగింటికే వెళ్లిపో. మిగిలిన బొత్తాలు నేను చూస్తాలే. మాకు పట్టీ ముఖ్యం" అంది.

అక్కది పొద్దుటి నుంచి నిలబడే పని. సాయంత్రానికి మోకాళ్లు పట్టేసేవి. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని బొత్తాలకు కూర్చునేది. సోమవారం వచ్చి చూస్తే తెల్ల చొక్కాకు గోధుమరంగు దారం, వంకర బొత్తాలు, అక్క వేళ్ల కొసల్లో సూది గుచ్చుకున్న నల్లటి చుక్కలు. బొత్తాలమ్మ ఆ కుట్లన్నీ విప్పి మళ్లీ కుట్టేది. పైగా, "నీ కుట్లు చూస్తే చొక్కాలే పారిపోతాయక్కా" అని ఆటపట్టించేది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది.

ఇంతకీ నాలుగింటికి ఇంటికి వెళ్లి ఏం చేసేది? హాయిగా పడుకునేది. లేచాక పట్టీ చేసేది.

ఇలా ఏడాది గడిచింది. ఒక శనివారం బాయిలర్ చెడిపోయి లాండ్రీ మధ్యాహ్నమే మూసేశారు. "పద, ఇవాళ నేనూ వస్తా. నువ్వు కూర్చో, పాకం నేను తిప్పుతా" అని అక్క చెయ్యి పట్టుకుంది. బొత్తాలమ్మకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. వద్దనడానికి కారణం దొరికితేగా!

ఇంట్లో అడుగుపెట్టగానే మైక్రోవేవ్ మీద తువ్వాలు కప్పేసింది. "నువ్వు అలా కూర్చో అక్కా, మొదలు నేను పెడతా" అని పొయ్యి మీద మూకుడు పెట్టి పంచదార పోసింది. పొయ్యి మీద పాకం పట్టడం ఆవిడ జన్మలో ఎరగదు. మంట పెంచింది, తగ్గించింది, నీళ్లు పోసింది, పల్లీలు ముందే పడేసింది. పావుగంటకు ఇల్లంతా పొగ, మూకుట్లో నల్లటి బండ.

అక్క లేచి పొయ్యి ఆపి, కిటికీ తెరిచింది. "ఏడాదిగా చేస్తున్నదానివి, ఇవాళ ఏమైందే నీకు?"

బొత్తాలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇక దాచి లాభం లేక తువ్వాలు లాగేసి, గాజు గిన్నె తీసింది. అక్క గోడకు చేరబడి చూస్తూ ఉంది. మైక్రోవేవ్ మోగడం, పట్టీ పళ్లెంలో పరుచుకోవడం, అంతా పది నిమిషాల్లో అయిపోయింది.

"మరి మిగతా టైమంతా ఏం చేసేదానివి?"

"పడుకునేదాన్నక్కా."

అక్క మోకాలు రుద్దుకుంది. "నిద్ర పట్టేదా?"

"పట్టేది."

అక్క తిట్టలేదు. పట్టీ చల్లారేదాకా కూర్చుని, ముక్కలు విరిచి డబ్బాలో సర్దిపెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆదివారమంతా బొత్తాలమ్మకు ముద్ద దిగలేదు. రేపు తన బండారం బయటపడితే అందరి మధ్యా ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలని ఒకటే గుబులు.

సోమవారం టీ వేళకు డబ్బా తెరిచారు. కొత్తగా చేరిన వ్యాన్ డ్రైవర్ ఒక ముక్క కొరికి, "అబ్బ! ఇది చేయడానికి ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగాడు.

బొత్తాలమ్మ తలెత్తలేదు.

"గంటన్నర" అంది అక్క, చేతిలో చొక్కా మీంచి చూపు తిప్పకుండా. "మొన్న నేను దగ్గరుండి చూశాగా. నిలబడి నిలబడి దాని కాళ్లు పడిపోయాయి, పాపం."

అందరూ అయ్యో అన్నారు. బొత్తాలమ్మకు ఆ అయ్యోలు తిట్ల కన్నా ఎక్కువగా తగిలాయి. లేచి, తన స్టూలు తీసుకెళ్లి ఇస్త్రీ టేబుల్ పక్కన పెట్టింది.

"కూర్చో అక్కా" అంది.

అక్క ఇస్త్రీ పెట్టె ఆపలేదు. "నాది నిలబడే పని. తీసుకెళ్లు" అంది.